లోపలి మడత

మొన్న మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి, హిందీలో, చాలా మర్యాదగా, "మేడమ్, వానలు దగ్గరపడుతున్నాయి. మీ కారుకి కింద కోటింగ్ చేయించుకుంటారా? తుప్పు పట్టదు," అంది. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పమంది. సూరత్‌లో మనవాళ్ల పిల్లలకి ఏళ్లతరబడి తెలుగు వాచకం చెప్పిన పంతులమ్మని నేను. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. కానీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మా తోటికోడలి దగ్గర మొదలుపెట్టి, మా బావగారి ఉద్యోగం మీదుగా పోయి, డిండోలిలో కాలవ పొంగిన ఒక వానాకాలం దాకా రావాలి. ఆ అమ్మాయికి అంత తీరిక ఎక్కడిది? ఫోన్ పెట్టేశాను. కునుకు మాత్రం మళ్లీ రాలేదు.

మా పాత కారు మావారు కొన్నది. ఆయన మరమగ్గాల విడిభాగాలు అమ్మేవారు. ఉధ్నాలో బయల్దేరి బమ్రోలి దాకా, ఆ పైన సచిన్ దాకా, ఖాతా ఖాతాకీ తిరిగేవారు. సూరత్‌లో ఖాతా అంటే లెక్కల పుస్తకం అనుకునేరు, మగ్గాలు నడిచే షెడ్డుని ఇక్కడ అలాగే అంటారు. డిక్కీ నిండా ఇనుప సామాను, దాని మీద నూనె మరకలు, సీట్ల సందుల్లో నూలు పోగులు. పెళ్లికి పోయినా పేరంటానికి పోయినా నా చీరకి ఒక నూలు పోగు అంటుకుని వచ్చేది. ఆయన పోయేనాటికి ఆ కారు తిరిగిన దూరం చూసి మెకానిక్కులే ఒక్క క్షణం మౌనం పాటించేవారు. అమ్మేయమని అందరూ చెప్పారు. స్టీరింగు మీద ఆయన చేతులు ఆనే చోట తొడుగు అరిగి నున్నగా అయిపోయి ఉండేది. అమ్మకపోవడానికి నాకు ఆ కారణం చాలింది. దానికోసం ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను.

నేర్పింది మా బావగారు, అంటే మావారి అన్నగారు. ఓపిక ఆయన సొత్తు. బ్రేకు తొక్కమంటే నేను ఇంకోటి తొక్కినా, "కానియ్ పంతులమ్మా, గోడ ఇంక దూరమే ఉన్నది," అనేవారు. ఆయన జీవితమంతా ఒక ఖాతాలో మడతల పని చేశారు. మగ్గం దిగిన గుడ్డని వెలుగులో పరిచి చూసి, లోపాలు ఏరి, మడతలు పెట్టి కట్టడం ఆ పని. ఎక్కడైనా పోగు తెగి చిన్న బొక్క పడితే అక్కడ అతుకేసి రఫ్పు చేసి, ఆ భాగం లోపలికి పోయేటట్టు మడిచేవారు. కొనేవాడికి పైనంతా నునుపే కనిపిస్తుంది. ఇది తప్పని ఆయన ఎప్పుడూ అనుకోలేదు, అందరూ చేసేదే. కానీ మా ఇంటికి కర్టెన్లకనో దుప్పట్లకనో గుడ్డ తెచ్చినప్పుడు మాత్రం నేల మీద మొత్తం విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, వేలుతో తడిమి చూపించేవారు. "ఇగో, గీడ పోగు తెగింది. జూసి తీస్కో. బయటోనికి పై మడత, పంతులమ్మా. ఇంటోళ్లకు లోపలి మడత ఇప్పి చూపియ్యాలె." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో. నేను దాన్ని బళ్లో పిల్లలకి కూడా చెప్పాను, అంత నచ్చింది నాకు.

ఇక అక్క. తోటికోడలే అయినా ఆమెని నేను అక్క తప్ప ఇంకో పేరుతో పిలిచి ఎరగను. కరీంనగర్ నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాకు ఉధ్నాలో మగ్గాల చప్పుడుకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకే గది, మధ్యలో చీర కట్టి రెండు కాపురాలు. అక్క చీరకి అటు పక్క నుంచి చెయ్యి చాపి నా చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చింది. కూరగాయలవాడితో గుజరాతీలో బేరం చెయ్యడం, ఇంటి యజమాని ముందు ఎంత మాట్లాడాలో అంతే మాట్లాడటం, కుట్టు మిషను తొక్కడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కుట్టు విషయంలో ఆమెది ఒక పిచ్చి. అంచు మడవని గుడ్డ ఇంట్లో ఉండకూడదు. పాత బనీను చింపి పొయ్యి తుడిచే గుడ్డ చేసినా దాని అంచు మడిచి, ఏటవాలు కుట్టు వేసి, చివర సూదిని వెనక్కి తిప్పి గింజంత ముడి వెయ్యాల్సిందే. "పోగులు ఊడితే ఇల్లు ఊడినట్టుంటది," అనేది. నా పెట్టెలో ఇప్పటికీ ఆమె కుట్టిన చేతిగుడ్డలు ఉన్నాయి. చీకట్లో తడిమినా ఆ ముడి నాకు తెలుస్తుంది.

మావారు పోయిన మరుసటి ఏడు వానాకాలంలో నేను మా తమ్ముడి ఇంటికి కరీంనగర్ వెళ్లాను. ఊరికే నిలబెడితే బ్యాటరీ పోతుందని కారు బావగారికి అప్పజెప్పాను. వాళ్లు అప్పటికే డిండోలికి మారిపోయారు. నేను తిరిగి వచ్చేసరికి కారు తళతళలాడుతోంది. లోపల అగరొత్తుల వాసన. "లోపల గూడ కడిగిపిచ్చిన," అన్నారు బావగారు. మావారి కారు మీద ఆయనకి ఇంత ప్రేమా అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క లోపల వంటింట్లోనే ఉండిపోయింది, బయటికి రాలేదు. చారు పొంగుతోందేమో అనుకున్నాను. ఇలాంటివి అప్పుడు మనకి ఏం తెలుస్తాయి?

తరువాతి ఏడు నుంచి ఒక పద్ధతి మొదలైంది. వానలకి ముందు ఒక శుక్రవారం బావగారు వచ్చి తాళాలు అడిగేవారు. ఆదివారానికి కారు తిరిగి వచ్చేది, కింద నల్లగా నిగనిగలాడుతూ, వీధంతా తారు వాసన. "కింది పని నా మీద ఇడిసిపెట్టు. తమ్ముని బండికి తుప్పు రానియ్య," అనేవారు. నేను కాఫీ ఇచ్చేదాన్ని. కిందికి వంగి చూడాలని నాకు ఏనాడూ తోచలేదు. తోచినా వంగి ఉండేదాన్ని కాదు. మనవాళ్లు చేసిన పనిని వంగి చూడటం ఏం మర్యాద?

సెలవు దొరికితే ముగ్గురం డుమస్ సముద్రం ఒడ్డుకి పోయేవాళ్లం. అక్కడ టమాటా బజ్జీలు తినడం అక్కకి పెద్ద సరదా. తిన్నాక పొట్ట ఉబ్బిందని రెండు రోజులు మమ్మల్ని తిట్టడం ఇంకో సరదా. బావగారు ముందు సీట్లో నా పక్కన. అక్క వెనక, ఎడమ పక్క, ఎప్పుడూ అదే సీటు, కాళ్లు రెండూ పైకి పెట్టి బాసింపట్టు వేసుకుని. గంటసేపు ప్రయాణమైనా కాళ్లు దించేది కాదు. నేను అద్దంలో చూసి, "ఏందక్కా, కార్లనే వ్రతానికి కూసున్నవా?" అనేదాన్ని. "పంతులు ఇంక రాలె మరి," అని నవ్వేది. మా మనవరాలు సెలవులకి వచ్చి ఆ కిటికీ పక్క కూర్చుంటానని మారాం చేస్తే, ఎంత గారాబమైన పిల్ల అయినా, అక్క ఒప్పుకునేది కాదు. పల్లీపట్టీ ఆశ చూపించి కుడి పక్కకి జరిపేది. "గది నా సీటు బిడ్డా. ముసలిదాన్ని, నాకు గీడనే అలవాటు." వయసుతో వచ్చే చాదస్తం అనుకున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలకి కూడా ఆమెని అనుకరించి చూపించేదాన్ని, కుర్చీలో కాళ్లు మడిచి కూర్చుని. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది.

నిరుడు బావగారికి మోకాళ్ల నొప్పులు ముదిరాయి. మంచం దిగడమే కష్టమైంది. ఫోన్ చేసి మరీ చెప్పారు. "ఈ ఏడు కోటింగ్ ఇడిసిపెట్టు, పంతులమ్మా. బయట ఎవనికీ ఇయ్యకు. బయటోళ్లు మోసం జేస్తరు." సరేనన్నాను. కానీ స్పీడుబ్రేకరు ఎక్కినప్పుడల్లా వెనక ఎక్కడో టక్కుమని చప్పుడు మొదలైంది. దాన్ని చూపిద్దామని ఉధ్నాలో మావారికి తెలిసిన ఒక గుజరాతీ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. అతను కారుని పైకి ఎత్తించి, కింద నిలబడి, ఆ నల్లటి పూత మీద స్క్రూడ్రైవరుతో తడుతూ పోయాడు. ఠంగు ఠంగుమని మోగుతున్నది ఒకచోట చప్పుడు చెయ్యడం మానేసింది. అతను ఆగి, అక్కడ ఒకసారి గుచ్చాడు. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. "బేన్, ఇలా రండి," అని పిలిచాడు. బేన్ అంటే గుజరాతీలో అక్కయ్య. నేను కారు కిందికి వెళ్లి తలెత్తి చూశాను. అతను ఆ అంచుని వేళ్లతో పట్టుకుని లాగాడు. ఇనుము రాలేదు. గుడ్డ వచ్చింది. తారులో నానిన మందపాటి గుడ్డ, దాని కింద ఇంకో గుడ్డ, దాని కింద ఇంకోటి. చివరి పొర ఊడేసరికి పళ్లెమంత రంధ్రంలోంచి మా కారు లోపల కాళ్ల కింద పరిచిన రబ్బరు పట్టా అడుగు కనిపించింది.

అతను చెప్పింది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అందులో కోపం లేదు. ఇది నీళ్లలో నిలబడిన బండి అన్నాడు. ఆ ఏడే చెప్పి ఉంటే అరచేతంత రేకు కోసి అతికేవాళ్లం అన్నాడు. గుడ్డ నీళ్లు తాగుతుంది, తాగిన నీళ్లు పైన తారు ఉంటే ఆరవు, అందుకే పక్కనున్న ఇనుమంతా తినేసింది అన్నాడు. నేలే కాదు, దాన్ని మోసే పట్టీలు కూడా పొరలు పొరలుగా ఊడొస్తున్నాయి. స్క్రూడ్రైవరుతో గీకితే టీ పొడిలా రాలింది. "దీన్ని ఇక రోడ్డు మీదికి తియ్యకండి బేన్. పెద్ద గుంత తగిలితే నడుం దగ్గర విరుగుతుంది." ఈ గుడ్డ ఎవరు అతికించారని అడిగాడు. ఇనుముకి రఫ్పు చేసినవాణ్ణి అతను ఎప్పుడూ చూడలేదట. నేను చూశాను. బొక్క పడితే గుడ్డ వేసి, పైన నునుపు చేసి, మడతలోకి తోసేసే మనిషి సూరత్ అంతా వెతికినా నాకు ఒక్కరే తెలుసు.

బావగారి మీద కోపంతోనే ఆ గుడ్డల్ని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. సగం దారిలో, ఎందుకో, ఒకటి బయటికి తీసి చూశాను. తారు కింద అంచు మడిచి ఉంది. ఏటవాలు కుట్టు. నా వేలు దానంతటదే ఆ కుట్టు వెంట పోయి, చివర గింజంత ముడి దగ్గర ఆగింది. ఇంట్లో తుడుపుగుడ్డ ఏదో దొరికితే బావగారు తెచ్చి అతికించి ఉంటారు, ఆమెకి తెలియదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ క్షణంలో కారు పోతే పోయింది, అక్కకి తెలియకపోతే చాలు అనిపించింది. కానీ ఆ గుడ్డ గుండ్రంగా ఉంది. గుండ్రటి తుడుపుగుడ్డ ఎవరింట్లో ఉంటుంది? ఎవరో ఆ రంధ్రం కొలత చెప్పారు, ఆమె ఆ కొలతకి కత్తిరించి, అంచు మడిచి కుట్టింది. కింద ఉన్న గుడ్డ చిన్నది, దాని మీదది ఇంకొంచెం పెద్దది, పైది అన్నిటికంటే పెద్దది. ఏడాదికొకటి. బొక్క పెరిగినప్పుడల్లా ఆమె పెద్దది కుట్టి ఇచ్చింది.

వెళ్లేసరికి బావగారు మంచం మీద టీవీ చూస్తున్నారు. అక్క నేల మీద కూర్చుని మెంతికూర గిల్లుతోంది. ఆమె ముందు సంచి బోర్లించాను. కూర మీద తారు గుడ్డలు పడ్డాయి. ఆమె వాటిని చూడలేదు, నా మొహం చూసింది.

"ఇది ఎవరి కుట్టు అక్కా?"

"నాదే," అంది.

"ఆమెనేం అనకు. కుట్టుమన్నది నేను," అన్నారు బావగారు మంచం మీద నుంచి. టీవీ కట్టేశారు. "ఆ ఏడు ఖాడీ కాలవ పొంగి రాత్రికి రాత్రి నీళ్లొచ్చినయి. బండి తీద్దామంటే తొవ్వ లేదు. తెల్లారి దాంక నీళ్లల్లనే ఉండె. నువ్వు నమ్మి అప్పజెప్పితివి. ఏమని చెప్పుదు?"

"గట్లనే చెప్పొచ్చు గద బావా. కాలవ పొంగుతె మీదేం తప్పు? ఇంటోళ్లకు లోపలి మడత చూపియ్యాలెనని మీరే గద అనేది?"

ఆయన కట్టేసిన టీవీ వైపు మొహం తిప్పుకున్నారు. అక్క గుడ్డల కింద నుంచి మెంతాకు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేస్తూ చెప్పింది. "ఆ ఏడు నువ్వు ఇంక తేరుకోలె చెల్లె. మల్లొచ్చే ఏడు చెప్దామనుకున్నం. అప్పుడు చెప్తె, నిరుడెందుకు చెప్పలేదంటవు. ఇగ ఆ మీదటి ఏడు నోరే రాలె."

"మరి నేను తిరిగింది అండ్లనే గద అక్కా? పిల్ల తిరిగింది అండ్లనే గద?"

"నీ దిక్కు గట్టిగనే ఉండె. పాడైంది ఎనక, ఎడమ దిక్కు," అంది. ఇంకో ఆకు గిన్నెలో వేసి, "గందుకే ఆడ నేను కూసున్న," అంది.

ఆమె కాళ్లు అప్పుడు నా కళ్ల ముందుకి వచ్చాయి. డుమస్ రోడ్డు మీద, ఉధ్నా వంతెన మీద, ప్రతి గతుకు దగ్గర, సీటు మీద మడిచి పెట్టుకున్న ఆ వాచిన పాదాలు. ఇంకెవరి పాదమూ అక్కడ పడకూడదని ఆమె ఇన్నేళ్లూ ఆ రంధ్రం మీద కూర్చుంది. ఈ సంగతి విన్నవాళ్లందరూ ఇక్కడికి వచ్చేసరికి కరిగిపోతారు. మా అమ్మాయి ఫోన్లో ఏడ్చింది కూడా. నేను కరగలేదు. ఆ మాట విన్నాకే నాకు అసలు కోపం వచ్చింది. బావగారు ఏడాదికి ఒకసారి అబద్ధమాడారు, అదీ కారు కింద పడుకుని, నా మొహం చూడకుండా. అక్క ప్రయాణానికొకసారి ఆడింది, అద్దంలో నా కళ్లలోకి చూస్తూ. నేను వేసిన హాస్యానికి నవ్వుతూ ఆడింది. చీరకి అటు పక్క నుంచి దూది అందించిన మనిషికి, వెనక సీట్లో నుంచి ముందు సీటుకి ఒక్క మాట అందించడం ఇన్నేళ్లూ కుదరలేదు. నన్ను మోసం చేశారు. ఈ మాటకి ఇంకొంచెం మెత్తటి మాట దొరుకుతుందేమోనని చాలా రోజులు వెతికాను, వాచకాలు చెప్పినదాన్ని కదా. దొరకలేదు. ఆ రోజు కాఫీ తాగకుండా వచ్చేశాను. మా రెండిళ్ల మధ్య అలా జరగడం అదే మొదలు.

కారుని పాత ఇనుము కింద తూకానికి తీసుకుపోయారు. పోయే ముందు స్టీరింగు తొడుగు ఒలిపించి తెచ్చుకున్నాను, అది నా పూజగది పక్కన మేకుకి వేలాడుతోంది. కొన్ని నెలలు డిండోలి పోలేదు. తరువాత బావగారి మోకాలికి ఆపరేషన్ అన్నారు, పోకుండా ఎలా ఉంటాను? పోయాను. అక్క కాఫీ ఇచ్చింది, తాగాను. కారు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు మళ్లీ పండక్కి పిండివంటలు, నిల్వ పచ్చళ్లు, ఫోన్లు అన్నీ నడుస్తున్నాయి. చూసేవాళ్లకి ఏ లోటూ కనపడదు. కానీ ఆమె "బాగున్నవా చెల్లె" అని అడిగితే ఇదివరకు టక్కున జవాబు వచ్చేది. ఇప్పుడు ఆ మాట వెనక ఏమైనా మడిచి పెట్టిందా అని ఒక్క క్షణం చూసుకుని అప్పుడు పలుకుతున్నాను. ఆ ఒక్క క్షణం ఆమెకి తెలుస్తోంది. తెలుస్తోందని నాకూ తెలుసు.

ఈ మధ్య చిన్న కారొకటి కొనుక్కున్నాను. వానలకి ముందు నేనే మెకానిక్కు దగ్గరికి పోయి, ఎత్తించి, చీర కుచ్చిళ్లు దోపుకుని కిందికి వంగి చూసుకున్నాను. పోయిన ఆదివారం ఆపరేషన్ అయిన బావగారిని ముందు కూర్చోబెట్టుకుని, అక్కని వెనక ఎక్కించుకుని డుమస్ పోయాం. ఆమె ఎడమ పక్కనే కూర్చుంది. వంతెన దాటాక అద్దంలో చూస్తే కాళ్లు రెండూ పైన ఉన్నాయి. "ఇది కొత్త బండి అక్కా. కాళ్లు కింద పెట్టు," అన్నాను. నవ్వలేదు. మెల్లగా దించింది, కొత్త ఇంటి గడపలో పెట్టినట్టు, ముందు వేళ్లు, తరువాత మడమ. సముద్రం కనిపించే వేళకి మళ్లీ పైకి మడిచేసుకుంది. ఈసారి నేను అద్దంలోంచి చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాను. ఏళ్లు గడిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నేనూ చాలామందికి ధైర్యం చెప్పాను. ఏళ్లు చేసేది ఏమీ లేదు, ఏడాదికొక పొర నల్లరంగు వేసి పోతాయి. దాని కింద ఆమె కాళ్లు ఇంకా నేలని నమ్మడం లేదు, నేను ఇంకా అద్దాన్ని నమ్మడం లేదు.